పైపొర కిల్లీఫిష్‌లో మీ ట్యాంకుకు ఏది? క్లౌన్, గోల్డెన్ వండర్, ల్యాంప్‌ఐ, పాంచాక్స్ మధ్య ఎంపిక

అక్వేరియంలో అడుగున కోరీలు తిరుగుతుంటాయి, నడుమ టెట్రాలు గుంపుగా ఈదుతుంటాయి, పైన నాలుగు వేళ్ల మందాన నీళ్లు మాత్రం బోసిగా ఉంటాయి. ఆ ఖాళీ నింపడానికి చాలామంది కిల్లీఫిష్ వైపు చూస్తారు. ఆలోచన మంచిదే. చిక్కు వచ్చేది ఏ కిల్లీ అన్న దగ్గరే. చూడ్డానికి ఒకే అచ్చులో పోసినట్టున్న చేపల్లో ఒకటి నాలుగు సెంటీమీటర్లలోపే ఆగిపోతుంది. ఇంకొకటి పది సెంటీమీటర్ల దాకా పెరిగి, పక్కనున్న నియాన్ టెట్రాలను ఒక్కొక్కటిగా మాయం చేస్తుంది.

కిల్లీఫిష్ అనే పేరు కింద వెయ్యికి పైగా జాతులున్నాయి. అన్నీ పైన తిరగవు. రంగులు చూసి అందరూ మనసు పారేసుకునే నోథోబ్రాంకియస్ జాతులు ఆఫ్రికాలో వాన నీటి గుంటల్లో పుట్టి, ఆ గుంట ఎండేలోపే బతుకు ముగించుకుంటాయి. వాటి గుడ్లు మట్టిలో నెలల తరబడి ఉండి, మళ్లీ వాన పడ్డాక పొదుగుతాయి. వాటి పెంపకం వేరే విద్య. ఆఫియోసెమియాన్ జాతులు ఎక్కువగా మొక్కల మధ్య, నడిమి నీటిలోనో అడుగునో కనిపిస్తాయి. ఇక్కడ మనకు పనికొచ్చేవి ఎపిప్లాటిస్, ఆప్లోకీలస్, పాకీపాంచాక్స్ ప్రజాతులు, వాటితోపాటు ల్యాంప్‌ఐలు. మొదటి మూడింటినీ చూడగానే పోల్చుకోవచ్చు. వీపు చదునుగా ఉంటుంది, నోరు పైకి తెరుచుకుంటుంది, వీపు మీది రెక్క బాగా వెనక్కి, తోక దగ్గరికి జరిగి ఉంటుంది. ల్యాంప్‌ఐల తీరు కాస్త వేరు. అవి నీటి అంచుకు అంటిపెట్టుకుని ఉండవు, పైభాగంలో గుంపుగా ఈదుతాయి.

ఈ చేపల్లో ఒక బేరం దాగి ఉంది. ఏ తిండి వేసినా తినే, నీటిలో చిన్న మార్పులను పట్టించుకోని మొండి రకాలు పక్క చేపల పాలిట వేటగాళ్లు. ఎవరి జోలికీ పోని రకాలేమో తిండి దగ్గరో నీటి దగ్గరో మీతో చాకిరీ చేయిస్తాయి. కాబట్టి రంగు చూసి కాకుండా, మీరు ఏది వదులుకోగలరో చూసి ఎంచుకోవాలి. చిన్న చేపలను వదులుకుంటారా, తీరికను వదులుకుంటారా?

క్లౌన్ కిల్లీ

శాస్త్రీయ నామం ఎపిప్లాటిస్ అన్యులాటస్. సొంత ఊరు పశ్చిమ ఆఫ్రికాలోని గినీ, సియెర్రా లియోన్, లైబీరియా ప్రాంతాల చిత్తడి నేలలు, నెమ్మదిగా పారే సన్నటి వాగులు. లేత మీగడ రంగు ఒంటి మీద మందమైన నల్లటి పట్టీలు అడ్డంగా ఉంటాయి. మగదాని తోకలో నీలం, ఎరుపు కలిసి మంటలా కనిపిస్తాయి, అందుకే రాకెట్ కిల్లీ అని కూడా అంటారు. ఆడదాని రెక్కలు దాదాపు రంగు లేకుండా ఉంటాయి. పూర్తిగా పెరిగినా మూడున్నర, నాలుగు సెంటీమీటర్లు దాటదు.

చిన్న ట్యాంకు ఉన్నవాళ్లకు దీనికి సాటి వచ్చే పైపొర చేప నాకు కనిపించలేదు. 45 సెంటీమీటర్ల పొడవున్న ట్యాంకులో, 40 లీటర్ల నీటిలో ఆరు నుంచి ఎనిమిది హాయిగా బతుకుతాయి. మగవి ఎదురుపడితే రెక్కలు విప్పి బెదిరించుకుంటాయి, కానీ ఒంటికి దెబ్బ తగిలేదాకా పోట్లాడుకోవడం అరుదు. నీరు 23 నుంచి 26 డిగ్రీల మధ్య, కొంచెం మెత్తగా (ఖనిజ లవణాలు తక్కువగా), కొంచెం ఆమ్లంగా ఉంటే ఇష్టం. తటస్థ నీటికి కూడా మెల్లగా అలవాటు పడుతుంది. బాగా కఠినమైన నీటిలో మాత్రం రంగు తేలిపోయి, గుడ్లు పెట్టడం తగ్గుతుంది.

కష్టమంతా నోటి దగ్గరే. ఆ నోరు ఎంత చిన్నదంటే మామూలు ఫ్లేక్ (పల్చటి రేకుల తిండి) ముక్క దానికి పెద్ద పలకలా ఉంటుంది. పొడి చేసి చల్లినా కొత్తగా తెచ్చిన చేపలు చాలాసార్లు మూతి తిప్పుకుంటాయి. కదిలే తిండి కావాలి. అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యలు) పిల్లలు, మైక్రో వర్మ్స్, సన్న డాఫ్నియా (నీటి ఈగలు), పిల్ల దోమ లార్వాలు పెట్టాలి. వారంలో కొన్ని రోజులైనా వీటిని ఇవ్వగలిగితే, మిగతా రోజుల్లో మెత్తటి పొడి తిండికి అలవాటు చేయవచ్చు. ఆర్టీమియా గుడ్లను ఉప్పు నీటిలో గాలి బుడగలు ఆడిస్తూ ఒకటిన్నర రోజు ఉంచితే పొదుగుతాయి. పెద్ద పనేమీ కాదు, కానీ మానకుండా చేయాల్సిన పని. ఆ ఓపిక లేదనుకుంటే ఈ చేపను వదిలేయడమే మేలు. కడుపు వీపుకు అంటుకుపోయి నెల రోజుల్లో చచ్చిపోయే క్లౌన్ కిల్లీల్లో చాలా వాటికి రోగమేమీ ఉండదు, ఆకలి తప్ప.

తోడుగా ఏవి వేస్తారన్నది కూడా తిండి లెక్కే. డానియోల్లాంటి దుడుకు చేపలు ఉంటే తిండి పడీపడగానే ఎగరేసుకుపోతాయి, క్లౌన్ కిల్లీ ఇంకా ఆలోచిస్తూనే ఉంటుంది. బోరారాస్ రాస్బోరాలు, ఎంబర్ టెట్రాలు, పిగ్మీ కోరీలు, ఓటోసింక్లస్ బాగా కుదురుతాయి. పెద్ద చెర్రీ రొయ్యలకు భయం లేదు, వాటి పిల్లలు పైకి వస్తే మాత్రం దక్కవు.

గోల్డెన్ వండర్

ఇది ఆప్లోకీలస్ లినియాటస్ అనే చేపకు పెంపకంలో వచ్చిన పసుపు రంగు రకం. అసలు చేప దక్షిణ భారతంలోని వాగుల్లో, చెరువుల్లో, వరి మడుల్లో ఉండేదే. ఒంటి మీద వరుసగా మెరిసే చుక్కలు, ఆడదానిలో నిలువు చారలతోపాటు వీపు రెక్క మొదట్లో నల్లటి మచ్చ ఉంటాయి. కొనేటప్పుడు ఆడ మగ తేల్చుకోవడానికి ఆ మచ్చ బాగా పనికొస్తుంది. చేప 10 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. దుకాణంలో నాలుగైదు సెంటీమీటర్ల పిల్లలుగా చూసి తెచ్చుకున్నవాళ్లకు ఈ సంగతి తర్వాత తెలుస్తుంది.

మొండితనంలో దీన్ని మించింది ఈ జాబితాలో లేదు. ఫ్లేక్, తేలే గుళికలు, ఫ్రీజ్ చేసిన బ్లడ్ వర్మ్స్, దారి తప్పి నీటి మీద పడ్డ ఈగ, ఏదైనా తింటుంది. 22 నుంచి 27 డిగ్రీల మధ్య ఎక్కడైనా సర్దుకుంటుంది. నీరు కాస్త కఠినమైనా పట్టించుకోదు. కిల్లీల్లో మొదటిసారి చేయి పెట్టేవాళ్లకు ఇదే సులువు అని అందరూ చెప్పేది అందుకే. ఆ మాట నిజమే, కాకపోతే సగం నిజం. పెంచడం సులువే, దానితో కలిపి పెంచడమే కష్టం. నియాన్ టెట్రాలు, చిన్న రాస్బోరాలు, ఎండ్లర్లు, గప్పీ పిల్లలు, రొయ్యలు దాని లెక్కలో తిండే. పగలు కలిసిమెలిసి ఉన్నట్టు కనిపించినా, నోట్లో పట్టే సైజు చేప ఏదైనా ఏదో ఒక రోజు మాయమవుతుంది. కోరీలు, బ్రిసిల్‌నోస్ ప్లెకో, కాంగో టెట్రాల్లాంటి ఒడ్డూ పొడుగూ ఉన్న చేపలతో అయితే పేచీ ఉండదు.

వీటికి కనీసం 80 సెంటీమీటర్ల పొడవు ట్యాంకు కావాలి. ఎత్తు ముఖ్యం కాదు. పైన తిరిగే చేపకు కావాల్సింది నీటి పై విస్తీర్ణం. పొడవుగా నిలబడ్డ ట్యాంకులో 100 లీటర్లు పట్టినా, పైన చోటు ఇరుకుగా ఉంటే రెండు మగవాటికి రోజూ యుద్ధమే. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండేలా చూసుకోండి.

నార్మన్స్ ల్యాంప్‌ఐ

పోరోపాంచాక్స్ నార్మనై. ఆఫ్రికాలో విస్తారంగా దొరికే నాలుగు సెంటీమీటర్ల చేప. ఒంట్లో చెప్పుకోదగ్గ రంగు ఉండదు, కంటి పైభాగంలో మాత్రం నీలం మెరుపు ఉంటుంది. వెలుతురు మితంగా ఉండి, వెనుక నల్లటి కాగితం అంటించి ఉంటే, గుంపు తిరిగినప్పుడల్లా ఆ మెరుపులే కనిపిస్తాయి. దుకాణాల్లో తెల్లటి లైటు కింద చూస్తే ఇదేం చేప అనిపిస్తుంది. అందుకేనేమో దీన్ని చాలామంది దాటేసి వెళ్లిపోతారు.

పైన చెప్పిన బేరంలో రెండు వైపులా కొంత లాభం తెచ్చేది ఇదొక్కటే. ఎవరినీ తినదు, పొడి చేసిన ఫ్లేక్ బాగానే తింటుంది, మెత్తటి నీటిలోనూ మధ్యస్థ కఠినత్వం ఉన్న నీటిలోనూ ఉంటుంది. షరతులు రెండు. ఎనిమిది, పదికి తగ్గకుండా గుంపు ఉండాలి. నాలుగు తెస్తే మూలన నక్కి ఉంటాయి. రెండోది, కొత్తగా పెట్టిన ట్యాంకులో వేయకూడదు. మురికి పేరుకున్న నీటిని ఇది ఓర్చుకోదు. ఫిల్టర్ పూర్తిగా కుదురుకుని, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే తేవాలి, ఆ తర్వాత వారం వారం కొద్దికొద్దిగా నీరు మారుస్తుండాలి. నెలకోసారి సగం ట్యాంకు ఖాళీ చేసి నింపే అలవాటున్నవాళ్లకు ఇది సరిపడదు. 60 సెంటీమీటర్ల ట్యాంకులో గుంపుకు చోటు సరిపోతుంది. మిగతావాటిలా నీటి అంచునే కాపలా కాయదు కాబట్టి, పైన ఆకు నీడలో కదలకుండా నిలిచే చేపే కావాలనుకునేవాళ్లకు ఇది పూర్తి తృప్తి ఇవ్వకపోవచ్చు.

పాంచాక్స్‌లు

బ్లూ పాంచాక్స్, అంటే ఆప్లోకీలస్ పాంచాక్స్, భారత ఉపఖండం నుంచి ఆగ్నేయాసియా దాకా కనిపిస్తుంది. దీన్ని మొదటిసారి వర్ణించింది గంగా నది చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో వెలువరించిన పుస్తకంలో. నెత్తి మీద వెండి చుక్క మెరుస్తుంది. కొంచెం ఉప్పదనం ఉన్న నీటినీ తట్టుకుంటుంది. దోమ లార్వాలను శుభ్రంగా తింటుంది, ఆరుబయట తొట్టెల్లో కూడా బతుకుతుంది. ఆరేడు సెంటీమీటర్ల చేప కాబట్టి గోల్డెన్ వండర్‌కు పెట్టిన హద్దులే కొంచెం సడలించి దీనికీ పెట్టుకోవచ్చు.

నాకు అంతకంటే నచ్చేది దాని చిన్న తమ్ముడు గ్రీన్ పాంచాక్స్, ఆప్లోకీలస్ బ్లాకీ. దక్షిణ భారతం, శ్రీలంకల్లో ఉండే ఈ చేప ఐదు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఆప్లోకీలస్‌లలో ఇదే చిన్నది. మొండితనం అన్నలదే, నోరు మాత్రం అంత పెద్దది కాదు. పెరిగిన టెట్రాలు, రాస్బోరాలతో కలిపి 60 సెంటీమీటర్ల ట్యాంకులో ఉంచవచ్చు. క్లౌన్ కిల్లీకి తిండి పెట్టే ఓపిక లేక, గోల్డెన్ వండర్‌ను పెట్టే చోటు లేక మధ్యలో ఆగిపోయినవాళ్లు ముందు దీనికోసం వెతకాలి. అన్ని చోట్లా దొరకదు, అదొక్కటే లోటు.

ప్లేఫెయిర్ పాంచాక్స్ గురించి ఒక్క మాట. సీషెల్స్ ప్రాంతపు చేప, పది సెంటీమీటర్లు పెరుగుతుంది, బాగా దూకుడు. మగదాని వీపు మీద పొలుసులు సహజంగానే కొంచెం లేచి నిలుస్తాయి. అది చూసి జలోదరం వచ్చిందనుకుని మందులు పోసేవాళ్లున్నారు. సొంత ట్యాంకు ఇవ్వగలిగితేనే దాని జోలికి వెళ్లండి.

కిల్లీయే కావాలా?

ఈ ప్రశ్న వేసుకోవడంలో తప్పేమీ లేదు. పైన ఏదో ఒకటి కదిలితే చాలనుకుంటే రైస్‌ఫిష్ మంచి దారి. పూర్వం వీటిని కిల్లీల్లోనే కలిపి చెప్పేవారు, ఇప్పుడు హాఫ్‌బీక్‌ల దగ్గరి చుట్టాలుగా లెక్కిస్తున్నారు. శాంతంగా ఉంటాయి, పొడి తిండి తింటాయి, జపాన్ మెడకా అయితే చల్లటి నీటిని కూడా తట్టుకుంటుంది. హ్యాచెట్‌ఫిష్ అందమైనదే, కానీ దూకడంలో కిల్లీలకు ఏమాత్రం తీసిపోదు, కొత్త ట్యాంకులో త్వరగా డీలా పడుతుంది. బెట్టా ఉన్న ట్యాంకులోకి కిల్లీని తేవద్దు. ఇద్దరికీ అదే జాగా కావాలి.

మూత, నీటి కదలిక, తేలే మొక్కలు

ఏ రకం ఎంచుకున్నా మూత లేకపోతే ఎంపికకు అర్థం లేదు. అన్నీ దూకుతాయి. వేటలో దూకుతాయి, తరిమితే దూకుతాయి, గదిలో లైటు ఠక్కున ఆరిపోతే ఉలిక్కిపడి దూకుతాయి. మూత ఉంటే సరిపోదు, సందులు చూడాలి. హీటర్ తీగ వెళ్లే చోటు, ఫిల్టర్ పైపు పక్కన వేలెడు ఖాళీ క్లౌన్ కిల్లీకి చాలు. స్పాంజ్ ముక్కలతో ఆ సందులు పూడ్చండి. నీటిని అంచుకంటే ఐదారు సెంటీమీటర్లు కిందికి ఉంచితే ఇంకా మంచిది. మూత పెట్టడానికి వీలుకాని, అంచుల్లేని అలంకారపు ట్యాంకు మీదైతే, ఈ జాబితా మొత్తం పక్కన పెట్టి వేరే చేప చూసుకోవడం నయం.

నీటి కదలిక సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ చేపల తల మీద నీటి అలజడిని పసిగట్టే సూక్ష్మమైన అవయవాలుంటాయి. పురుగు ఒకటి నీటి మీద పడి కాళ్లు కొట్టుకుంటే, ఆ చిన్న అలలను బట్టి అది ఎటు వైపు ఉందో తెలుసుకుంటాయి. ఆప్లోకీలస్ లినియాటస్ మీద శాస్త్రవేత్తలు ఈ విషయంలో చాలా ప్రయోగాలే చేశారు. ఇప్పుడు ఆలోచించండి, పైన హోరున నీరు గుమ్మరించే ఫిల్టర్ కింద ఆ చేప పరిస్థితి ఏమిటో. నెమ్మదిగా నడిచే స్పాంజ్ ఫిల్టర్ చాలు. వేరే ఫిల్టర్ ఉంటే దాని మూతిని గోడ వైపు తిప్పండి. ల్యాంప్‌ఐలు మాత్రం కొంచెం ప్రవాహాన్ని ఇష్టపడతాయి.

తేలే మొక్కలు ఉంటే దూకడం తగ్గుతుంది, సిగ్గు తగ్గుతుంది, మగవాటి పోట్లాట తగ్గుతుంది. సాల్వీనియా, వేళ్లు కిందికి వేలాడే అంతరతామర, తేలుతూ పెరిగే వాటర్ స్ప్రైట్ బాగుంటాయి. డక్‌వీడ్ ఒకసారి వస్తే వదలదు, ఆలోచించి వేయండి. పై భాగమంతా కప్పేయనివ్వకండి. మూడో వంతైనా ఖాళీగా ఉండాలి, తిండి వేయడానికీ, కింది మొక్కలకు వెలుతురు అందడానికీ.

పిల్లలు కావాలనుకుంటే

గుడ్లు పెట్టించడమే సరదా అయితే లెక్క మళ్లీ మారుతుంది. ఈ రకాలన్నీ రోజుకు కొన్ని చొప్పున, ఎక్కువగా జావా మాస్‌కో తేలే మొక్కల వేళ్లకో గుడ్లు అంటిస్తాయి. ఊలు దారాలను కార్క్‌కు కట్టి వేలాడదీసినా పని జరుగుతుంది. గోల్డెన్ వండర్ గుడ్లు పెద్దవి, గట్టివి, వేళ్లతో ఏరవచ్చు. దాదాపు రెండు వారాల్లో పొదుగుతాయి, పిల్లలు మొదటి రోజు నుంచే ఆర్టీమియా తినగలవు. అంటే పెంచడంలోలాగే పిల్లల దగ్గర కూడా గోల్డెన్ వండర్ సులువు, కాకపోతే గుడ్లు వేరు చేయకపోతే తల్లిదండ్రులే తినేస్తాయి. క్లౌన్ కిల్లీ గుడ్లు కంటికి ఆనవు. పిల్లలు చీమ తలకంటే సన్నం, మొదటి వారం ఇన్ఫ్యూసోరియా లాంటి అతి సూక్ష్మమైన తిండి కావాలి. అయితే మొక్కలు దట్టంగా ఉండి, వేరే చేపలు లేకపోతే క్లౌన్ కిల్లీ ట్యాంకులో ఏమీ చేయకుండానే ఒకటో రెండో పిల్లలు పైకి వచ్చి కనిపిస్తుంటాయి. నాకు ఆ పద్ధతే ఇష్టం.

ఏది ఎవరికి అంటే, 40 లీటర్ల మొక్కల ట్యాంకు ఉండి ఆర్టీమియా పొదిగించడం టెన్షన్ అనిపించనివాళ్లు కళ్లు మూసుకుని క్లౌన్ తెచ్చుకోవచ్చు. ఇప్పటికే టెట్రాలు, రాస్బోరాలు ఉన్న కుదురుకున్న ట్యాంకుకు ల్యాంప్‌ఐ గుంపు, దొరికితే గ్రీన్ పాంచాక్స్. పెద్ద చేపలున్న పొడవాటి ట్యాంకుకు గోల్డెన్ వండర్. చిన్న చేపలతో నిండిన ట్యాంకుకు "ఒక్కటే కదా" అని గోల్డెన్ వండర్ తేవడం మాత్రం వద్దు.

కొనేటప్పుడు చేప తిండి తింటుందో లేదో ఒకసారి వేయించి చూడండి. రెక్కలు ముడుచుకుని, ఒంటిని మొక్కలకు రుద్దుకుంటూ ఉంటే వదిలేయండి. వెల్వెట్ అనే పరాన్నజీవి రోగం కిల్లీలకు తేలిగ్గా సోకుతుంది. చీకట్లో టార్చి పక్కనుంచి వేస్తే ఒంటి మీద బంగారు ధూళి చల్లినట్టు కనిపిస్తుంది. అందుకే కొత్త చేపలను రెండు మూడు వారాలు వేరే తొట్టెలో ఉంచి గమనించాలి. వెల్వెట్‌కు వాడే మందుల్లో చాలా వాటిలో రాగి ఉంటుంది, అది రొయ్యలనూ నత్తలనూ చంపుతుంది కాబట్టి వైద్యం ఆ వేరే తొట్టెలోనే చేయండి.